వన్స్ మోర్ అంటే వినని బ్యాండ్

పోయిన సంచికలో పంక్ సంగీతం గురించి రాస్తూ, "లండన్‌లో వైర్ అని ఒక బ్యాండ్ ఉంది, పంక్ ముదరకముందే దాన్ని దాటేసింది" అని ఒక్క ముక్క అని ఊరుకున్నాను. ఆ ఒక్క ముక్కకే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఈసారి శీర్షిక మొత్తం వాళ్ళకే ఇచ్చేశాను. రాగాల మీద ప్రశ్నలు పంపినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మాస్టారూ, పంక్ అంటే గిటార్ మీద కలిపి మీటే స్వరాలు, అంటే కార్డ్స్, ఓ మూడు, జుట్టుకి రంగు, కేకలు అనుకున్నాం. అందులో మళ్ళీ ప్రయోగం ఏమిటి? అసలు ఈ వైర్ వాళ్ళు ఎవరు?
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మూడు కార్డ్స్ సంగతి నిజమే బాబూ. 1976లో లండన్‌లో పంక్ మొదలైనప్పుడు చాలామందికి ఆ మూడూ సరిగ్గా పలికేవి కావు. వైర్ వాళ్ళకీ అంతే. కాకపోతే రానిదాన్ని వీళ్ళు దాచుకోలేదు, అలాగని అదే పెద్ద ఘనత అని చెప్పుకు తిరగలేదు. మన దగ్గర ఉన్నది ఇంతే, ఈ కాస్తతో ఏం చేయొచ్చు అని ఆలోచించారు. అలా ఆలోచించడం వాళ్ళకి ఆర్ట్ కాలేజీలో అలవాటైంది.

లండన్‌ని ఆనుకుని వాట్‌ఫర్డ్ అని ఒక ఊరు. అక్కడి ఆర్ట్ కాలేజీలో కాలిన్ న్యూమన్ విద్యార్థి. బ్రూస్ గిల్బర్ట్ అదే కాలేజీలో టేప్ రికార్డర్లూ ప్రొజెక్టర్లూ చూసుకునే టెక్నీషియన్. పంక్ అంటే మీసాలు రాని కుర్రాళ్ళ గొడవ అనుకుంటాం కదా, గిల్బర్ట్‌కి అప్పటికే ముప్ఫై ఏళ్ళు. జార్జ్ గిల్ అనే మరో విద్యార్థితో కలిసి ఈ ఇద్దరూ ఓవర్‌లోడ్ అనే పేరుతో వాయించడం మొదలుపెట్టారు. తర్వాత ఫ్యాషన్ చదువుకున్న గ్రాహం లూయిస్ బేస్ గిటార్‌కి, రాబర్ట్ గోటుబెడ్ డ్రమ్స్‌కి వచ్చి చేరారు. 1976 అక్టోబర్‌కి ఐదుగురితో వైర్ తయారైంది.

మొదట్లో పాటలు ఎక్కువగా గిల్‌వే. లీడ్ గిటారూ అతనిదే, సోలోలూ అతనివే. 1977 మొదట్లో అతని కాలు విరిగి రిహార్సల్స్‌కి రాలేకపోయాడు. మిగతా నలుగురూ ఖాళీగా ఉండటం ఎందుకని అతను లేకుండానే పాటలు వాయించి చూసుకున్నారు. సోలోలు పోయేసరికి పాటలు పొట్టివైపోయాయి, బిగువు మాత్రం ఎక్కడ లేనంత వచ్చింది. గిల్ కోలుకుని వచ్చాడు గానీ ఎంతోకాలం నిలవలేదు, బయటికి పంపేశారు. అతని పాటలనూ దాదాపుగా వదిలేశారు. నేను విజయవాడలో ఆర్కెస్ట్రాలకి డ్రమ్స్ వాయించినవాణ్ణి. లీడ్ గిటార్ మనిషి రాకపోతే ఏ ఆర్కెస్ట్రా అయినా చేసేది ఒకటే: ఆ బిట్లన్నీ కీబోర్డ్ వాడి నెత్తిన పెట్టడం. బిట్లే లేకుండా వాయిద్దాం అనుకునే ధైర్యం ఎవరికి ఉంటుంది? వైర్ చరిత్ర మొత్తం ఆ ధైర్యం దగ్గరే మొదలైంది అంటాను.

నలుగురూ కలిసి మొదటిసారి వేదికెక్కింది 1977 ఏప్రిల్ 1న, కోవెంట్ గార్డెన్‌లోని రాక్సీ అనే క్లబ్‌లో. అదృష్టం చూడండి, సరిగ్గా ఆ రోజుల్లోనే ఈఎంఐ అనే రికార్డుల కంపెనీ తరఫున మైక్ థోర్న్ అనే ఆయన ఆ క్లబ్‌లో పంక్ బ్యాండ్లని రికార్డు చేస్తున్నాడు. ఈఎంఐ అంటే మనకి తెలియనిదేం కాదు, కుక్క బొమ్మ ఉన్న మన హెచ్‌ఎంవీ రికార్డులు ఆ ఇంటి నుంచి వచ్చినవే. ఆ ఏడాది జనవరిలోనే ఆ కంపెనీ సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్‌ని భరించలేక వదిలించుకుంది. జూన్‌లో వచ్చిన రాక్సీ రికార్డులో వైర్ పాటలు రెండు పడ్డాయి. వెంటనే ఈఎంఐ వాళ్ళ హార్వెస్ట్ లేబుల్ వీళ్ళతో ఒప్పందం రాసుకుంది. హార్వెస్ట్ అంటే పింక్ ఫ్లాయిడ్ పాటలు వచ్చిన లేబుల్. అరగంట పాటలు అమ్మిన చోటికి అర నిమిషం పాటల వాళ్ళు వెళ్ళి చేరారన్న మాట.

ప్రశ్న: అర నిమిషం పాటా? మా తమ్ముడు వినిపించాడు, మొదలైందని తెలుసుకునేలోపే అయిపోయింది. దాన్ని కూడా పాట అంటారా సార్?
— గృహిణి, తెనాలి

జవాబు: నిక్షేపంగా అంటారమ్మా. మీ తమ్ముడు వినిపించింది 'ఫీల్డ్ డే ఫర్ ది సండేస్' అయి ఉంటుంది, 28 సెకన్లు. ఆదివారం పేపర్లలో తన పరువు తీసినా పర్వాలేదు, ఆ పేపర్లకి ఎక్కితే చాలనుకునే మనిషి గొడవ అది. ఆ మాట చెప్పడానికి 28 సెకన్లు సరిపోయాయి, ఆపేశారు. ఇప్పుడు ఫోన్లో రీల్స్ తీసేవాళ్ళకి ఆ పాట మనకంటే తొందరగా అర్థమవుతుంది.

అది 1977 నవంబర్‌లో వచ్చిన 'పింక్ ఫ్లాగ్' అనే ఆల్బమ్‌లోది. 35 నిమిషాల్లో 21 పాటలు. నిమిషం లోపు అయిపోయేవే ఆరున్నాయి. లూయిస్ తర్వాతి రోజుల్లో చెప్పిన దాన్ని బట్టి, ఏం చేయాలో వాళ్ళకి తెలియకపోయినా ఏం చేయకూడదో బాగా తెలుసు. సోలోలు వద్దు. అలంకారాలు వద్దు. మాటలు అయిపోతే పాట ఆపేయాలి. చివర్లో కోరస్ పట్టుకుని సాగదీయొద్దు. ఊగిపోవడాలు వద్దు. అమెరికా యాసలో పాడొద్దు. ఇంతే వాళ్ళ కట్టుబాట్లు.

అయితే ఇందులో ఒక సంగతి చాలామంది గమనించరు. అన్నీ పొట్టి పాటలే, అన్నీ స్పీడు పాటలే అనుకుంటారు. కాదు. ఆల్బమ్ తెరుచుకునేదే 'రాయిటర్స్' అనే పాటతో. యుద్ధం నడుస్తున్న ఊరి నుంచి ఒక విలేకరి వార్త పంపిస్తున్నట్టు ఉంటుంది. మూడు నిమిషాలు, నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది. 'స్ట్రేంజ్' దాదాపు నాలుగు నిమిషాలు. అంటే పొట్టిగా ఉండాలన్నది నియమం కాదు. ఎంత చెప్పాలో అంతే చెప్పాలన్నది నియమం. '106 బీట్స్ దట్' అనే పాటని లూయిస్ సరిగ్గా వంద సిలబుల్స్‌లో రాద్దామని కూర్చుంటే లెక్క 106 తేలిందట. ఆరు కొట్టేసి వంద చేయకుండా, ఆ అంకెనే పాట పేరుగా పెట్టేశాడు.

ఇక నా కన్ను సహజంగా డ్రమ్స్ మీదే ఉంటుంది. గోటుబెడ్ వాయించేది వినండి. హైహ్యాట్ అనే జంట తాళాల మీద కర్ర లెక్క తప్పకుండా పడుతూనే ఉంటుంది. స్నేర్ అనే చిన్న డ్రమ్ మీద దెబ్బ పడాల్సిన చోట పడుతుంది, మరో చోట పడదు. నాలుగు లైన్లకోసారి "నేనూ ఉన్నాను" అని గుర్తు చేయడానికి మేము వేసే ఫిల్లింగులు ఆయన దాదాపు వేయడు. అప్పటికి ఆయన డ్రమ్స్ పట్టుకుని ఎంతోకాలం కాలేదు. కొత్తవాడు అలా నిగ్రహంగా వాయించడం కష్టమండీ. చేతులు ఊరుకోవు. ఊరుకున్న చేతులవి.

ఈ ఆల్బమ్ అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు, అమ్మకాల పట్టికలకే, అంటే చార్టులకే ఎక్కలేదు. కానీ అమెరికాలో చిన్న చిన్న పాటలు కట్టిన మినిట్‌మెన్ లాంటి వాళ్ళు దీన్ని విని "ఇలా కూడా చేయొచ్చా" అనుకున్నారు. వాషింగ్టన్‌లో మైనర్ థ్రెట్ అనే బ్యాండ్ '12ఎక్స్‌యు' పాటని తమదిగా పాడుకుంది. ఆ పేరులో ఎక్స్ ఎందుకని అడగొద్దు, బూతు మీద వేసిన కొట్టివేత అది. 1987లో ఆర్‌ఈఎం అనే అమెరికా బ్యాండ్ వాళ్ళు 'స్ట్రేంజ్' పాడి లక్షల మందికి వినిపించారు.

ప్రశ్న: ఆ ఆల్బమ్ అట్ట మీద గులాబీ జెండా ఎక్కడిది?
— పేరు రాయలేదు

జవాబు: జెండా కర్ర ప్లిమత్ అనే సముద్రతీర పట్నంలోది. జెండా మాత్రం ఫొటో తీశాక పెట్టింది. ఆకాశం, నేల, కర్ర, గుడ్డ. అట్టకి కూడా వాళ్ళు ఫిల్లింగులు వేయలేదు.

ప్రశ్న: మాది టమాటా తోట. ఆకు తొలిచే పురుగు మీద ఇంగ్లీషులో పాట ఉందని మా అమ్మాయి అంటోంది. నేను నమ్మలేదు. పురుగు మీద పాట ఎవరు కడతారండీ?
— రైతు, మదనపల్లె

జవాబు: మీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం, ఈసారికి ఆమె మాట నమ్మండి. పాట పేరు 'అవుట్‌డోర్ మైనర్'. 1978లో వచ్చిన వాళ్ళ రెండో ఆల్బమ్ 'చెయిర్స్ మిస్సింగ్'లో ఉంది. మీ తోటలో టమాటా ఆకు మీద ముగ్గు వేసినట్టు తెల్లటి వంకర గీతలు చూసే ఉంటారు. ఆకు పైపొరకీ కింది పొరకీ మధ్య దూరి, పచ్చదనం తింటూ పోయిన పురుగు దారి అది. లూయిస్ రాసింది సరిగ్గా దాని గురించే. ఆకు లోపల బొగ్గుగని కార్మికుడిలా తవ్వుకుంటూ పోయే పురుగు, దాని నెత్తిన పైకప్పు, దాని చిన్న ఆయుష్షు. మందు ఎంత కొట్టాలో మాత్రం ఆ పాటలో లేదు.

తమాషా ఏమిటంటే వైర్ పాటలన్నిట్లోకీ తియ్యనిది ఇదే. ఇందులో కేకలు లేవు, కోపం లేదు. పసిపిల్లలు కూడా కూనిరాగం తీయగలిగే ట్యూన్. న్యూమన్ గొంతు మెత్తగా, కాస్త గాలి నింపినట్టు ఉంటుంది. మాటలు అర్థం కానివాళ్ళు ప్రేమపాట అనుకుంటారు. ఆల్బమ్‌లో ఇది నిమిషం ముప్పావు మాత్రమే. కంపెనీవాళ్ళు విని ఇది హిట్ పాట, కానీ రేడియోకి మరీ చిన్నదైపోయింది, పెంచండి అన్నారు. నిర్మాత మైక్ థోర్న్ మధ్యలో పియానో బిట్ ఒకటి చేర్చి దాదాపు మూడు నిమిషాలు చేశాడు. సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా వదిలితే 1979 జనవరిలో చార్టుల్లో 51వ స్థానానికి వచ్చింది. ఇంకాస్త పైకి వెళితే బీబీసీలో 'టాప్ ఆఫ్ ది పాప్స్' కార్యక్రమానికి పిలుపొచ్చేది. సరిగ్గా అప్పుడే, అమ్మకాల లెక్కల్లో కంపెనీ తరఫున ఏదో గోల్‌మాల్ జరిగిందని ఆరోపణ వచ్చింది. పాట అక్కడితో ఆగిపోయింది. బ్యాండ్ మళ్ళీ ఆ మెట్టు దాకా ఎక్కలేదు.

నన్నడిగితే ఆ పియానో బిట్ బాగానే ఉంటుంది, కానీ పొట్టి పాటే అసలు పాట. రెండూ విని మీ అమ్మాయికి ఏది నచ్చిందో రాయమనండి.

ప్రశ్న: వైర్ పాట ఒకదానికి అక్షాంశం, రేఖాంశమే పేరట కదా. ఆ చోటు ఎక్కడ?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: మీకు మరీ దూరమేం కాదు. 'మ్యాప్ రెఫ్. 41°ఉ 93°ప' అంటే అయోవా రాష్ట్రంలో, డిమాయిన్ నగరానికి ఆగ్నేయంగా, మొక్కజొన్న చేల ప్రాంతం. అమెరికా మీదుగా విమానంలో పోతూ కిందకి చూస్తే గళ్ళ గళ్ళుగా పొలాలు కనబడి లూయిస్ రాసిన పాట అది. మిడ్‌వెస్ట్‌కి నడిబొడ్డు అదే అయి ఉంటుందని అంచనాగా వేసుకున్న అంకెలు. మూడో ఆల్బమ్ '154'లో ఉంది. ఆల్బమ్‌కి ఆ అంకె ఎందుకంటే, అప్పటికి వాళ్ళు చేసిన కచేరీలు 154. భలే పేర్లు పెడతారు. 2008లో వచ్చిన ఆల్బమ్‌కి 'ఆబ్జెక్ట్ 47' అని పెట్టారు, అది వాళ్ళ 47వ విడుదల కాబట్టి. స్టోర్‌రూమ్ రిజిస్టర్ రాసే గుమాస్తా బుద్ధి.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నేను పద్యనాటకాల మనిషిని. వైర్ బ్యాండ్ వాళ్ళు పాత పాట పాడమంటే పాడరని, ఒకసారి స్టేజీ మీద గ్యాస్ స్టవ్‌ని సుత్తితో కొట్టారని మీరు ఎక్కడో మాట్లాడగా విన్నాను. ప్రేక్షకుడు అడిగితే కాదనడం ఏం కళ అండీ?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఏలూరు

జవాబు: నమస్కారమండీ. మీరు అడిగేది నాకు బాగా అర్థమవుతుంది. మనం వన్స్ మోర్‌లతో పెరిగిన జనం. పడకసీన్‌లో కృష్ణుడు రాగం తీసి పద్యం ముగించాడో లేదో ముందు వరసలోంచి వన్స్ మోర్ అని కేక. ఆయన కిరీటం సర్దుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు. అర్జునుడు పాపం కాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని ఎదురుచూసేవాడు. దుర్యోధనుడి పద్యానికీ అంతే. కథ ఎక్కడిదక్కడ ఆగేది, ఎవరికీ బాధ లేదు. అలాంటి మనకి వైర్ వాళ్ళ మొండితనం మింగుడుపడటం కష్టమే.

ముందు స్టవ్ సంగతి చెబుతాను. 1979 చివరికి వాళ్ళకీ ఈఎంఐకీ చెడింది. మూడు ఆల్బమ్‌లు, మూడూ ఒకదానికొకటి పోలిక లేనివి. '154'లో సింథసైజర్లు, పొగమంచులాంటి శబ్దాలు, చావు గురించి ఆలోచించే పాటలు. కంపెనీకి వీళ్ళని ఏ అరలో పెట్టి అమ్మాలో తోచలేదు. ఒప్పందం పోయింది. చేతిలో కొత్త పాటలున్నాయి, విడుదల చేసేవాడు లేడు. ఆ పరిస్థితిలో 1980 ఫిబ్రవరి 29న లండన్ క్యామ్‌డెన్‌లోని ఎలక్ట్రిక్ బాల్‌రూమ్‌లో కచేరీ పెట్టారు. ఇంకెవరైనా అయితే ఏం చేస్తారు? పాత హిట్లు వాయించి జనం మెప్పు సంపాదించి, ఆ ఊపులో కొత్త కంపెనీని పట్టుకుంటారు. వీళ్ళు దాదాపు అన్నీ ఎవరూ వినని పాటలే వాయించారు. ఒక పాటకి పన్నెండు మంది వార్తాపేపర్లతో చేసిన టోపీలు పెట్టుకుని వాద్యాలు మోగించారు. గాలి ఊదిన జెట్ విమానం బొమ్మని స్టేజీ మీద ఈడ్చారు. వెలిగే బాతు దీపం ఒకటి. మీరన్న గ్యాస్ స్టవ్ కూడా, దాని మీద దెబ్బలు కూడా, నిజమే.

జనం '12ఎక్స్‌యు' కావాలని అరిచారు, సీసాలు విసిరారు. వీళ్ళు ఆ పాటని ఒక ముక్క వాయించి, వెక్కిరించినట్టు వదిలేశారు. ఇదంతా టేపులో ఉంది. మరుసటి ఏడాది రఫ్ ట్రేడ్ కంపెనీ 'డాక్యుమెంట్ అండ్ ఐవిట్‌నెస్' పేరుతో రికార్డుగా వేసింది. జనం తిట్లు, కేకలు అందులో స్పష్టంగా వినబడతాయి. తనని తిట్టిన ప్రేక్షకుల గొంతుల్ని రికార్డులోంచి తీసేయకుండా అమ్మిన బ్యాండ్‌ని నేను ఇంకోదాన్ని చూడలేదు. సంగీతంగా అది వినడానికి అంత సుఖంగా ఉండదు, దాన్ని పొగిడేవాళ్ళలో సగం మంది పూర్తిగా విని ఉండరని నా అనుమానం. ఆ తర్వాత ఐదేళ్ళు బ్యాండ్ లేదు, ఎవరి దారి వాళ్ళది.

ఇక పాత పాటల సంగతి. 1985లో మళ్ళీ కలిశారు, మ్యూట్ అనే కంపెనీలో చేరారు. పాతవి ఒక్కటీ వాయించం అని షరతు పెట్టుకుని వచ్చారు. 1987లో కొత్త ఆల్బమ్ 'ది ఐడియల్ కాపీ' పట్టుకుని అమెరికా వెళ్ళారు. అక్కడి జనం 'పింక్ ఫ్లాగ్' కోసం పదేళ్ళుగా ఎదురుచూస్తున్నారు. వాయించకపోతే గోల. వాయిస్తే మాట తప్పినట్టు. అప్పుడు చేసిన ఉపాయం మీలాంటి నాటకాల మనిషికే బాగా రుచిస్తుంది. అమెరికాలో వైర్ పాటలు మాత్రమే వాయించే అభిమానుల బ్యాండ్ ఒకటుంది. వైర్ పాట పేరే తెచ్చి ఎక్స్ లయన్ టేమర్స్ అని పెట్టుకున్నారు. వాళ్ళని ఈ టూర్‌కి ముందు బ్యాండ్‌గా పెట్టుకున్నారు. ప్రతి రాత్రీ ముందు ఆ కుర్రాళ్ళు వచ్చి 'పింక్ ఫ్లాగ్' మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వాయించి దిగిపోయేవారు. తర్వాత అసలు వైర్ వచ్చి కొత్తవి వాయించుకునేది. వన్స్ మోర్ కావాలా, అదుగో వాళ్ళనడగండి. కృష్ణుడి పద్యం మళ్ళీ పాడటానికి ఇంకో కృష్ణుణ్ణి జీతమిచ్చి పెట్టుకున్నట్టు.

ప్రేక్షకుడు అడిగితే కాదనడం ఏం కళ అన్నారు. ఆర్కెస్ట్రాలో ఒకే పాట ఒకే రాత్రి మళ్ళీ మళ్ళీ వాయిస్తుంటే చేతులు ఆడుతూనే ఉంటాయి, బుర్ర మాత్రం ఇంటికెళ్ళిపోతుంది. డ్రమ్స్ దగ్గర కూర్చుని రేపు బియ్యం ఎంతకి తేవాలో ఆలోచించిన వాళ్ళని నేనెరుగుదును. జనం చప్పట్లు కొడుతూనే ఉంటారు, వాళ్ళకి తేడా తెలియదు. వైర్‌కి ఆ స్థితి అంటే భయం. డబ్బు పోగొట్టుకున్నారు, పేరు పోగొట్టుకున్నారు, ఆ స్థితిలోకి మాత్రం పోలేదు. అది గొప్పతనమో పొగరో మీరే తేల్చండి, నాకు మాత్రం ముచ్చటేస్తుంది.

అలాగని ఒకే పాటని పట్టుకుని వేలాడలేదని కాదు. 'డ్రిల్' అని ఒక పాట ఉంది, ఒకే దరువు మీద నడుస్తుంది. 1991లో మొత్తం ఆల్బమ్ ఆ ఒక్క పాట రకరకాల రూపాలతోనే నింపేశారు. జనం అడగని వన్స్ మోర్ అయితే వాళ్ళకి అభ్యంతరం లేదు!

ప్రశ్న: 'Wire' బ్యాండ్ కొన్నాళ్ళు ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో చివరి ఇ తీసేసి 'Wir' అని పెట్టుకుందని చదివాను. జ్యోతిషమా?
— బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

జవాబు: సంఖ్యాశాస్త్రం కాదు తల్లీ, మనిషి తగ్గాడని అక్షరం తగ్గించారు. ఎనభైల చివర్లో వాళ్ళ పాటల్లోకి కంప్యూటర్ లయ వచ్చింది. 1990లో 'మ్యాన్‌స్కేప్' ఆల్బమ్ నాటికి డ్రమ్స్ పని అంతా మిషన్‌దే. గోటుబెడ్‌కి చేయడానికి ఏమీ మిగల్లేదు. గొడవపడకుండా, పత్రికల్లో తిట్టుకోకుండా ఆయన తప్పుకుని వ్యవసాయంలోకి వెళ్ళిపోయాడు. మిగిలిన ముగ్గురూ మూడక్షరాల పేరుతో 1991లో ఒక రికార్డు చేసి, దుకాణం కట్టేశారు.

ఈ భాగం చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. మా ఆర్కెస్ట్రాల్లోకి రిథమ్ ప్యాడ్ వచ్చిన కాలం కూడా దాదాపు అదే. చిన్న పెట్టె, కర్ర తాకిస్తే తబలా అంటే తబలా, కాంగో అంటే కాంగో. డ్రమ్ సెట్ మోయడానికి ఆటో ఖర్చు దండగ అన్నాడు మా నిర్వాహకుడు. కిట్ అటకెక్కింది, నేను క్యాసెట్లు రికార్డు చేసే కొట్టు పెట్టుకున్నాను. గోటుబెడ్‌కి పొలం దొరికింది, నయం.

ఆయన కథ మాత్రం అక్కడ ఆగలేదు. 1999లో నలుగురూ మళ్ళీ కూర్చున్నారు, 2000 ఫిబ్రవరిలో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో వాయించారు. రాబర్ట్ గ్రే అన్న పేరుతో డ్రమ్స్ దగ్గర మళ్ళీ ఆయనే. పదేళ్ళు పొలం పని చేసిన చేతులు ఎలా ఉన్నాయో తెలియాలంటే 2003లో వచ్చిన 'సెండ్' వినండి. వాళ్ళ రికార్డులన్నిటిలోకీ ఇంత కోపంగా, ఇంత బిగ్గరగా ఉన్నది లేదు. చేసినవాళ్ళలో చిన్నవాడికి నలభై ఎనిమిది.

ప్రశ్న: వైర్ ట్యూన్ కాపీ కొట్టారని కేసు అయిందట కదా అంకుల్?
— ఇంటర్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: అయింది. ఎలాస్టికా అనే లండన్ బ్యాండ్ 1994లో 'కనెక్షన్' అని ఒక పాట వదిలింది, పెద్ద హిట్. దాని మొదటి గిటార్ ముక్క 'పింక్ ఫ్లాగ్'లోని 'త్రీ గర్ల్ రుంబా' మొదటి ముక్క పక్కపక్కన పెట్టి విను. నీకు సంగీతం రానక్కర్లేదు. 'లైన్ అప్' అనే ఇంకో పాటలో వైర్ వాళ్ళ 'ఐ యామ్ ది ఫ్లై' వాసన తగులుతుంది. విషయం కోర్టు తీర్పు దాకా పోకుండా బయటే రాజీ కుదిరింది. ఎలాస్టికా నాయకురాలు జస్టిన్ ఫ్రిష్‌మన్ వైర్ అభిమాని అని దాచుకోలేదు కూడా. పాట మాత్రం బాగుంటుంది, ఆ మాట కూడా చెప్పాలి. మన దగ్గర ఎత్తిన ట్యూన్ల లెక్క తీస్తే ఈ పత్రిక పేజీలు చాలవు కాబట్టి, నేను వాళ్ళని పెద్దగా తిట్టలేను. ఒకటి మాత్రం గమ్మత్తు. వైర్ ఎవరో తెలియని కొత్త పిల్లలు ఆ గొడవ పుణ్యమా అని 'పింక్ ఫ్లాగ్' వెతుక్కుని కొన్నారు.

ప్రశ్న: ఇప్పుడు వాళ్ళు ఉన్నారా? ఎక్కడ మొదలుపెట్టి వినాలి?
— హైదరాబాద్, నిజామాబాద్, న్యూజెర్సీ నుంచి చాలామంది

జవాబు: ఉన్నారు. గిల్బర్ట్ 2004లో వెళ్ళిపోయాడు, ఇక రాలేదు. ఆయన చోట మాథ్యూ సిమ్స్ అనే యువకుడు 2010 నుంచి గిటార్ వాయిస్తున్నాడు. రికార్డులు ఎవరి దయా లేకుండా సొంత లేబుల్ మీదే వేసుకుంటారు, దాని పేరు కూడా పింక్ ఫ్లాగ్. 2020లో 'మైండ్ హైవ్', '10:20' అని రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. 2013లో వచ్చిన 'చేంజ్ బికమ్స్ అజ్' నాకు ఇష్టం. 1979, 80ల్లో సగంలో వదిలేసిన పాటలు, సీసాలు తిన్న పాటలు, వాటిని మళ్ళీ తీసి పూర్తిగా కొత్తగా కట్టుకున్నారు. ముప్ఫై మూడేళ్ళ తర్వాత.

2003లో లండన్ బార్బికన్ హాల్లో ఒక కచేరీ చేశారు. వద్దు వద్దన్న 'పింక్ ఫ్లాగ్'ని అక్కడ మొత్తం వాయించారు. అయితే సగం కచేరీ అది, మిగతా సగం 'సెండ్'. స్టేజీ అలంకరణ ఎస్ డెవ్లిన్ అనే ఆమెది. నలుగురినీ నాలుగు పెట్టెల్లో నిలబెట్టి, ముందు పల్చటి తెరలు కట్టి, వాటి మీద బొమ్మలు పడేలా చేసింది. అప్పటిదాకా ఆమె నాటకాలకి పనిచేసేది, సంగీత కచేరీకి అదే మొదలు. తర్వాత 2012 లండన్ ఒలింపిక్స్ ముగింపు వేడుకకి స్టేజీ వేసింది ఆవిడే.

వినడం సంగతికొస్తే, అందరూ 'పింక్ ఫ్లాగ్'తో మొదలుపెట్టమంటారు, నేను అనను. 21 పాటలు టపటపా పేలిపోయి కొత్తవాళ్ళకి ఏదీ గుర్తుండదు. 'చెయిర్స్ మిస్సింగ్'తో మొదలుపెట్టండి. అందులో 'హార్ట్‌బీట్' దగ్గర కాస్త ఆగండి. గుసగుసలా మొదలై, ఎక్కడా పేలకుండా, పెరుగుతూ పోతుంది. ఎక్కడో ఒకచోట డ్రమ్స్ విరుచుకుపడతాయని ఎదురుచూస్తారు, అవి పడవు. తర్వాత '154', ఆ తర్వాత వెనక్కి వచ్చి 'పింక్ ఫ్లాగ్'. 'డాక్యుమెంట్ అండ్ ఐవిట్‌నెస్' ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకోండి. మా ఇంట్లో అది మోగితే మా ఆవిడ కుక్కర్ సేఫ్టీ వాల్వ్ పోయిందేమోనని వంటింట్లోకి వెళ్ళి చూసొస్తుంది.